స్టానం మెటాలికం

స్టానం మెటాలికం హోమియోపతీ వైద్య విధానంలో వాడే ఒక మందు. దీనిని తగరం అనే లోహం నుండి తయారు చేస్తారు. చాలాకాలంగా దగ్గు, కళ్లె, ఆయాసములతో బాధపడి, నాలుగు మాటలు మాట్లాడేసరికే రొమ్ములో సత్తువ లేనట్లు అనిపించే రోగులకు హోమియో వైద్యులు సంప్రదాయంగా ఈ మందును సూచిస్తూ వచ్చారు. వైద్యుల చీటీలలోను, మందుల దుకాణాలలోను దీనిని క్లుప్తంగా "స్టానం" అనీ, "స్టానం మెట్" అనీ అంటారు.

ఈ మందుకు హోమియో గ్రంథాలలో చెప్పిన లక్షణాలు 19వ శతాబ్దపు క్షయ రోగి రూపాన్ని దగ్గరగా పోలి ఉంటాయి. ఆ లక్షణాలను నమోదు చేసిన కాలానికి క్షయకు కారణమైన సూక్ష్మజీవి సంగతి ఎవరికీ తెలియదు. ఆ వ్యాధి ఎందుకు వస్తుందో, ఎలా నయమవుతుందో నేడు తెలుసు. ఈ మందు ఊపిరితిత్తుల వ్యాధులను నయం చేస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అందువలన స్టానం గురించి చదివేటప్పుడు హోమియోపతీ సంప్రదాయం ఏమి చెబుతుంది, విజ్ఞానశాస్త్రం ఏమి చెబుతుంది అన్న రెండు విషయాలనూ విడివిడిగా గ్రహించవలసి ఉంటుంది.

పేరు

స్టానం అనేది తగరానికి లాటిన్ పేరు. రసాయన శాస్త్రంలో తగరానికి వాడే "ఎస్‌ఎన్" అనే సంకేతం కూడా ఈ లాటిన్ పేరు నుండి వచ్చినదే. మెటాలికం అంటే లోహరూపంలో ఉన్నది అని అర్థం. తగరపు లవణాలనుండి కాక, శుద్ధమైన లోహం నుండి తయారైన మందు అని తెలియడానికి ఈ రెండవ పదాన్ని చేర్చారు.

మూలపదార్థం

తగరం వెండిలా తెల్లగా మెరిసే మెత్తని లోహం. దీని పరమాణు సంఖ్య 50, పరమాణు భారం 118.71. ఇది సుమారు 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. తగరపు కడ్డీని వంచినప్పుడు లోపలి స్ఫటికాల అమరిక మారడం వలన కిరకిరమనే చప్పుడు వస్తుంది. దీని ముఖ్యమైన ఖనిజం కాసిటెరైట్. ఇది తగరపు ఆక్సైడు.

తగరం తెలుగువారికి కొత్త లోహం కాదు. రాగిలో తగరాన్ని కలిపితే కంచు అవుతుంది. ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు వండితే చిలుము పట్టకుండా లోపల పూసే కళాయి తగరమే. ఆహార పదార్థాలను నిలువచేసే డబ్బాల ఇనుప రేకుపై పూత కూడా తగరంతోనే వేస్తారు. ఆయుర్వేదంలో తగరాన్ని వంగం అంటారు. దానినుండి తయారుచేసే వంగభస్మం వేరు, హోమియోపతీలోని స్టానం వేరు. రెండింటికీ మూలలోహం ఒకటే అయినా తయారీ పద్ధతి, మోతాదు, వాడుక పూర్తిగా భిన్నమైనవి.

లోహరూపంలో ఉన్న తగరం జీర్ణకోశం నుండి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. అందుచేత దాని విషప్రభావం తక్కువ. అయితే తగరం కర్బన పదార్థాలతో కలిసి ఏర్పడే కొన్ని సమ్మేళనాలు తీవ్రమైన విషాలు. వాటికీ ఈ మందుకూ సంబంధం లేదు.

చరిత్ర

హోమియోపతీని ప్రవేశపెట్టినవాడు జర్మనీ దేశపు వైద్యుడు శామ్యూల్ హానిమన్ (1755 - 1843). 1790లో ఆయన కల్లెన్ అనే స్కాట్లండు వైద్యుని గ్రంథాన్ని జర్మను భాషలోకి అనువదిస్తూ, సింకోనా బెరడును తానే సేవించి చూచాడు. చలిజ్వరాన్ని తగ్గించే ఆ బెరడు తనలో చలిజ్వరం వంటి లక్షణాలను కలిగించిందని ఆయన భావించాడు. ఆరోగ్యవంతునిలో ఏ పదార్థం ఏ లక్షణాలను పుట్టిస్తుందో, అటువంటి లక్షణాలున్న రోగికి ఆ పదార్థమే మందు అవుతుందనే సూత్రాన్ని ఆయన ఈ అనుభవం నుండి ప్రతిపాదించాడు. 1810లో వెలువడిన ఆర్గనాన్ అనే గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని వివరించాడు.

తగరం అంతకుముందే ఐరోపా వైద్యంలో ఉన్నది. 18వ శతాబ్దంలో కడుపులోని పురుగులు పడిపోవడానికి తగరపు రజనును తేనెలోనో, పాకంలోనో కలిపి ఇచ్చేవారు. హానిమన్, ఆయన అనుచరులు తగరాన్ని నూరి తాము సేవించి, తమకు కలిగిన అనుభూతులను వ్రాసుకున్నారు. ఈ ప్రక్రియకు ఔషధ నిరూపణ అని పేరు. అలా సేకరించిన లక్షణాల పట్టికను హానిమన్ మెటీరియా మెడికా ప్యూరా అనే గ్రంథంలోను, తరువాత దీర్ఘవ్యాధుల గురించి వ్రాసిన క్రానిక్ డిసీజెస్ అనే గ్రంథంలోను చేర్చాడు.

ఆ తరువాత వచ్చిన విలియం బోరిక్, జేమ్స్ టైలర్ కెంట్, జాన్ హెన్రీ క్లార్క్ వంటి రచయితలు తమ గ్రంథాలలో స్టానంను ముఖ్యంగా ఛాతీ బలహీనతకు చెందిన మందుగా వర్ణించారు. నేడు హోమియో కళాశాలలలో విద్యార్థులు చదివే వర్ణన చాలావరకు వీరి గ్రంథాల నుండి వచ్చినదే. తెలుగునాట గుడివాడ, రాజమండ్రి, హైదరాబాదు నగరాలలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలలలో ఈ విద్యను బోధిస్తున్నారు. రాజమండ్రి కళాశాలకు స్వయంగా హోమియో వైద్యం చేసిన సినీనటుడు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు.

తయారీ విధానం

తగరం నీటిలోగాని, సారాయంలోగాని కరగదు. అందువలన తయారీ మొదట నూరడంతో ప్రారంభమవుతుంది. హానిమన్ చెప్పిన పద్ధతి ఇది:

* ఒక పాలు తగరపు పొడిని తీసుకొని, సుమారు నూరు పాళ్ల పాలచక్కెరను మూడు భాగాలుగా చేసి, ఒక్కొక్క భాగాన్ని కలుపుతూ కల్వంలో నూరుతారు. నూరడం, గీకడం మారిమారి చేస్తూ మొత్తం ఒక గంటసేపు సాగిస్తారు. దీనిని 1సి అంటారు.
* ఈ పొడినుండి ఒక పాలు తీసుకొని మళ్లీ నూరు పాళ్ల పాలచక్కెరతో అదే విధంగా నూరితే 2సి, మరొకసారి నూరితే 3సి అవుతాయి. 3సి పొడిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు తగరం ఉంటుంది.
* అక్కడినుండి పొడిని నీరు, సారాయం మిశ్రమంలో కలిపి, ప్రతి మెట్టులోను నూరు రెట్లు పలుచన చేస్తూ, సీసాను గట్టిగా కుదుపుతారు. ఇలా 6సి, 30సి, 200సి మొదలైన మెట్లు వస్తాయి.

ఈ మెట్లనే పొటెన్సీలు అంటారు. పలుచన చేసినకొద్దీ మందు శక్తి పెరుగుతుందని హోమియోపతీ సిద్ధాంతం. చివరి ద్రవాన్ని చక్కెర మాత్రలపై పోసి ఆరబెట్టి రోగికి ఇస్తారు. కనుక చూడటానికి స్టానం మాత్రలు ఇతర హోమియో మాత్రల వలెనే తెల్లగా, తియ్యగా ఉంటాయి.

సంప్రదాయంలో చెప్పిన లక్షణాలు

హోమియో వైద్యుడు వ్యాధి పేరును బట్టి కాక, రోగి చెప్పే లక్షణాల సముదాయాన్ని బట్టి మందును ఎన్నుకుంటాడు. స్టానంకు గ్రంథాలలో చెప్పిన ముఖ్య లక్షణాలు ఇవి:

* ఛాతీ బలహీనత: ఈ మందుకు ఇదే ప్రధాన లక్షణం. రొమ్ము లోపల ఖాళీగా, డొల్లగా అనిపిస్తుంది. బిగ్గరగా చదివినా, పాడినా, కొంతసేపు మాట్లాడినా ఓపిక ఉండదు. రోగి కుర్చీలో మెల్లగా కూర్చోలేక కూలబడతాడు.
* మెట్లు దిగేటప్పుడు నీరసం: మెట్లు ఎక్కడం కన్నా దిగడంలో ఎక్కువ నిస్సత్తువ కలగడం స్టానం ప్రత్యేకతగా చెబుతారు.
* దగ్గు: నవ్వినా, మాట్లాడినా, పాడినా, కుడిప్రక్కకు తిరిగి పడుకున్నా దగ్గు వస్తుంది. వేడి పానీయాలు తాగితే ఎక్కువవుతుంది. సాయంకాలం నుండి అర్ధరాత్రి వరకు బాధ అధికం.
* కళ్లె: సమృద్ధిగా పడుతుంది. పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో, గ్రుడ్డులోని తెల్లసొన వలెనో ఉంటుంది. రుచి తియ్యగా, కొన్నిసార్లు ఉప్పగా ఉంటుంది.
* స్వరం: గొంతు బొంగురుపోయి లోతుగా వినిపిస్తుంది. కళ్లె పడిన తరువాత కొంతసేపు స్వరం తేటపడుతుంది.
* జ్వరం, చెమటలు: సాయంకాలపు జ్వరం, తెల్లవారుజామున ఒళ్లు తడిసే చెమటలు, క్రమంగా చిక్కిపోవడం.
* నొప్పుల తీరు: నొప్పి మెల్లగా మొదలై, క్రమంగా పెరిగి, అంత మెల్లగానూ తగ్గుతుంది. ప్రొద్దుతోపాటు పెరిగి ప్రొద్దుతోపాటు తగ్గే తలనొప్పిని ఇందుకు ఉదాహరణగా చెబుతారు.
* ఇతరములు: వంట వాసనకు వికారం, గట్టిగా అదిమితే తగ్గే కడుపునొప్పి, దిగులు, నిరుత్సాహం, ఊరకే ఏడుపు రావడం.

ఇతర మందులతో పోలిక

ఒకే విధంగా కనిపించే మందులను వేరు చేసి చూడటం హోమియో విద్యార్థుల అధ్యయనంలో ముఖ్యభాగం. స్టానంతో పోల్చి చదివే మందులలో కొన్ని:

* ఆంటిమోనియం టార్టారికం: ఛాతీలో గురగుర వినిపించినా కళ్లె బయటకు రాదు. స్టానంలో కళ్లె సులభంగా, ఎక్కువగా పడుతుంది.
* కాలీ కార్బోనికం: తెల్లవారుజామున 2 నుండి 4 గంటల మధ్య దగ్గు, ఆయాసం ఎక్కువ.
* కాల్కేరియా కార్బోనికా: మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం. స్టానంలో దిగేటప్పుడు నీరసం.
* అర్జెంటం మెటాలికం: గాయకులు, ఉపన్యాసకుల గొంతు బొంగురుకు చెప్పే మందు.
* బెల్లడోనా: నొప్పి హఠాత్తుగా వచ్చి హఠాత్తుగా పోతుంది. స్టానం నొప్పి తీరు ఇందుకు సరిగ్గా విరుద్ధం.

పల్సటిల్లాను స్టానంకు పూరకమైన మందుగా బోరిక్ పేర్కొన్నాడు.

ఈ లక్షణాలు, క్షయ వ్యాధి

పై పట్టికను నేటి వైద్య విద్యార్థి చదివితే, అందులో అతనికి వెంటనే కనిపించేది క్షయ. వారాల తరబడి దగ్గు, కళ్లె, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, నిస్సత్తువ - ఇవి ఊపిరితిత్తుల క్షయకు పాఠ్యపుస్తకాలలో చెప్పే లక్షణాలే. క్షయ స్వరపేటికకు సోకితే గొంతు కూడా బొంగురుపోతుంది.

ఇందులో ఆశ్చర్యం లేదు. హానిమన్ కాలపు ఐరోపాలో క్షయ అత్యధికంగా ప్రాణాలు తీసిన వ్యాధులలో ఒకటి. ఆనాటి వైద్యుని వద్దకు దీర్ఘకాలపు దగ్గుతో వచ్చినవారిలో క్షయ రోగులు ఎందరో ఉండేవారు. సూక్ష్మదర్శినితో కళ్లెను పరీక్షించి క్రిమిని గుర్తించే మార్గం వారికి లేదు. రోగి చెప్పే మాటలే వారికి ఆధారం. అందుచేత వారు ఆ మాటలను ఎంతో ఓపికగా విని, కళ్లె రుచితో సహా నమోదు చేశారు. ఈ పరిశీలనలో వారి శ్రద్ధను కాదనలేము. అయితే ఒక వ్యాధిని చక్కగా వర్ణించడం వేరు, దానిని నయం చేయడం వేరు.

హానిమన్ మరణించిన 39 సంవత్సరాల తరువాత, 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. అయినా తగిన మందు రావడానికి మరో 60 ఏళ్లు పట్టింది. ఆ లోపల విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం ఇవే చికిత్సలు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన క్షయ ఆరోగ్యశాల అటువంటిదే. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్, 1960వ దశకంలో రిఫాంపిసిన్ వచ్చాయి. మద్రాసులో 1956లో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం జరిపిన పరిశీలనలో, మందులు క్రమంగా వాడితే రోగి ఇంటివద్ద ఉండి కూడా ఆరోగ్యశాలలో ఉన్నవారితో సమానంగా కోలుకుంటాడని 1959లో తేలింది. మందులకు లొంగే క్షయ నేడు సాధారణంగా 6 నెలల చికిత్సతో నయమవుతుంది.

శాస్త్రీయ పరిశీలన

మందులో తగరం ఎంత?

ఒక గ్రాము తగరంలో సుమారు 5 తరువాత 21 సున్నాలు వేసినన్ని పరమాణువులు ఉంటాయి. ఈ సంఖ్యను బట్టి ఒక్కొక్క మెట్టులో ఎంత తగరం మిగులుతుందో లెక్క కట్టవచ్చు.

* 3సి: ఒక గ్రాము పొడిలో గ్రాములో పది లక్షల వంతు తగరం.
* 6సి: ఒక గ్రాము మందులో సుమారు 500 కోట్ల పరమాణువులు. సంఖ్య పెద్దదిగా కనిపించినా బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు మాత్రమే.
* 10సి: ఒక గ్రాములో సుమారు 50 పరమాణువులు.
* 12సి: సుమారు 200 గ్రాముల మందులో ఒక పరమాణువు.
* 30సి: ఒక్క పరమాణువు దొరకాలంటే భూగోళం బరువుకు 3,000 కోట్ల రెట్లకు పైగా మందును సేవించవలసి ఉంటుంది.

దీనితో పోల్చడానికి మరొక లెక్క. డబ్బాలలో నిలువచేసిన ఆహారంలో కిలోకు 250 మిల్లీగ్రాముల వరకు తగరం ఉండవచ్చునని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పరిమితి విధించింది. ఈ పరిమితి మేరకు తగరం ఉన్న డబ్బా పండ్ల ముక్క 10 గ్రాములు తింటే, అందులోని తగరం ఒక గ్రాము 6సి మందులోని తగరానికి 250 కోట్ల రెట్లు. 12సి దాటిన మెట్లలో మూలపదార్థం వాస్తవంగా మిగలదు. తొలి పదార్థపు ముద్రను నీరు గుర్తుంచుకుంటుందనే వాదన హోమియో వర్గాలలో ఉన్నది గాని, రసాయన, భౌతిక శాస్త్రాలు దానిని అంగీకరించలేదు.

తగరం ఊపిరితిత్తులను బలహీనపరుస్తుందా?

ఆరోగ్యవంతునిలో తగరం ఛాతీ బలహీనతను కలిగిస్తుందన్నది స్టానం వాడుకకు మూలం. తగరం ధూళిని ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులను వైద్యశాస్త్రం పరిశీలించింది. ఆక్సైడు రూపంలోని తగరపు ధూళి ఊపిరితిత్తులలో పేరుకుంటే స్టానోసిస్ అనే స్థితి ఏర్పడుతుంది. ఎక్సురే చిత్రంలో దట్టమైన మచ్చలు కనిపించినా, శ్వాసశక్తి సాధారణంగా దెబ్బతినదు. అందుకే దీనిని అపాయం లేని ధూళి వ్యాధులలో చేర్చారు. రాతిధూళి వలన వచ్చే సిలికోసిస్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే.

నిరూపణ పద్ధతిలో ఉన్న లోపం కూడా గమనించవలసినది. తాను ఏ మందు తీసుకున్నాడో తెలిసిన వ్యక్తి, రోజంతా తన శరీరాన్నే గమనిస్తూ కూర్చుంటే ఏదో ఒక నొప్పి, నీరసం కనిపించక మానవు. 1835లో న్యూరెంబర్గు నగరంలో ఉప్పు నుండి తయారైన 30సి మందును, ఉత్త నీటిని ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా కొందరికి పంచి చూచారు. వారిలో అత్యధికులకు ఏ మార్పూ కనిపించలేదు.

రోగులపై పరీక్షలు

దీర్ఘకాలపు ఉబ్బసానికి హోమియోపతీ వాడకంపై కాక్రేన్ సంస్థ 2004లో ఒక సమీక్ష ప్రచురించింది. 556 మంది పాల్గొన్న 6 పరీక్షలను పరిశీలించి, ఉబ్బసంలో హోమియోపతీ పాత్రను నిర్ధారించడానికి తగినంత ఆధారం లేదని తేల్చింది. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి, హోమియోపతీ ఫలప్రదమని నమ్మదగిన ఆధారం ఉన్న వ్యాధి ఏదీ లేదని ప్రకటించింది. అంతకుముందే 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు క్షయ, మలేరియా, ఎయిడ్స్, పసిపిల్లల అతిసారం వంటి వ్యాధులకు హోమియోపతీపై ఆధారపడవద్దని హెచ్చరించారు.

ఉపశమనం ఎందుకు కనిపిస్తుంది?

స్టానం వాడిన తరువాత తమకు నెమ్మదించిందని చెప్పే రోగులు ఉన్నారు. వారు అబద్ధం చెబుతున్నారని అనుకోవలసిన పని లేదు. దీర్ఘకాలపు శ్వాసవ్యాధులు ఎప్పుడూ ఒకే తీరున ఉండవు. చలికాలంలో, మంచు పడే రోజులలో ముదిరి, ఎండలు వచ్చేసరికి కొంత తగ్గుతాయి. రోగి సాధారణంగా బాధ బాగా ముదిరినప్పుడే వైద్యుని వద్దకు వెళతాడు. ఆ తరువాత సహజంగా వచ్చే తగ్గుదల మందు ఖాతాలో పడుతుంది. అరగంట కూర్చుని బాధలన్నీ ఓపికగా వినే వైద్యుడు దొరకడం కూడా మనసుకు ఊరటనిస్తుంది. ఊరట నిజమే. కాని లోపల క్రిమి ఉంటే, ఆ ఊరట కాలంలో కూడా అది తన పని తాను చేసుకుపోతుంది.

భద్రత

6సి, అంతకు పైబడిన మెట్లలో తగరం వలన శరీరానికి హాని కలగదు. పాలచక్కెర సరిపడనివారికి కొద్దిపాటి కడుపు ఉబ్బరం ఉండవచ్చు. ద్రవరూపంలో ఉన్న మందులో సారాయం ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఈ మందు వలన కలిగే అసలు ప్రమాదం మాత్రలో లేదు, గడిచిపోయే కాలంలో ఉన్నది. చికిత్స లేని క్షయ ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. దగ్గినప్పుడు వెలువడే తుంపరల ద్వారా అదే ఇంట్లో ఉన్న పసిపిల్లలకు, వృద్ధులకు సోకుతుంది. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు భారతదేశంలోనే ఉన్నారు. కనుక మన దేశంలో "దగ్గు, నీరసం" అనే మాటలను తేలికగా తీసుకోవడానికి వీలు లేదు.

ఛాతీ బలహీనతకు క్షయ ఒక్కటే కారణం కాదు. ఉబ్బసం, పొగత్రాగడం వలన లేదా కట్టెల పొయ్యి పొగ వలన వచ్చే దీర్ఘకాల శ్వాసనాళ వ్యాధి, రాతిధూళి వలన వచ్చే సిలికోసిస్, గుండె బలహీనత, ఊపిరితిత్తుల క్యాన్సరు, రక్తహీనత - వీటన్నింటిలోనూ రోగి చెప్పే మాట దాదాపు ఒకటే: "ఓపిక లేదు, ఊపిరి అందడం లేదు". మాట ఒకటే అయినా వ్యాధులు వేరు, చికిత్సలు వేరు. వాటిని వేరు చేసేవి కళ్లె పరీక్ష, ఎక్సురే, ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ, రక్తపరీక్ష మొదలైనవి.

ఎప్పుడు పరీక్షలు చేయించుకోవాలి?

ఈ క్రింది లక్షణాలలో ఏది ఉన్నా, ఏ మందు వాడుతున్నా, ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించుకోవాలి:

* రెండు వారాలకు మించిన దగ్గు
* కళ్లెలో రక్తపు చార
* సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు
* కారణం తెలియకుండా బరువు తగ్గడం
* మూడు వారాలకు మించి గొంతు బొంగురుగా ఉండటం
* విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆయాసం, పెదవులు నీలిరంగుకు మారడం (ఇది అత్యవసర స్థితి)

ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆసుపత్రుల ద్వారా క్షయ పరీక్షలు, మందులు ఉచితంగా లభిస్తాయి. చికిత్స పొందుతున్నవారికి పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలకు పెంచింది. హోమియోపతీపై నమ్మకం ఉన్నవారు స్టానం వాడదలచినా, క్షయ మందులను గాని, ఉబ్బసానికి వాడే ఇన్‌హేలరును గాని మానరాదు. క్షయ మందులను మధ్యలో ఆపితే క్రిమి ఆ మందులకు లొంగని విధంగా మారే ప్రమాదం ఉన్నది.

రెండు శతాబ్దాల క్రితం తగరపు పొడిని నూరిన వైద్యులకు దగ్గు, చెమట, కళ్లె రుచి మాత్రమే తెలుసు. ఆ లక్షణాల వెనుక ఉన్న వ్యాధిని చూసే సాధనాలు నేడు మండల కేంద్రంలోని ఆసుపత్రి ద్వారా కూడా అందుతున్నాయి. స్టానం లక్షణాల పట్టిక తనకు సరిపోయిందని అనుకున్న పాఠకుడు మందు సీసా కన్నా ముందు కళ్లె పరీక్షకు వెళ్లడం మంచిది.

ఇవి కూడా చూడండి

* హోమియోపతీ వైద్య విధానం
* శామ్యూల్ హానిమన్
* తగరము
* క్షయ
* ఉబ్బసం
* సిలికోసిస్